పరభాషలో బ్రతుకుపాఠము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో నేడు ఏ బజారున నడచినను రెండు మాటలు జంటగా వ్రాయబడిన బల్లలు కన్పట్టును. ఒకటి స్పోకెన్ ఇంగ్లీషు, రెండవది పర్సనాలిటీ డెవలప్‌మెంటు. మొదటిది భాషకు సంబంధించినది, రెండవది బ్రతుకునకు సంబంధించినది. ఈ రెంటిని ఒకే గదిలో, ఒకే రుసుమునకు, ఒకే గురువు నేర్పునని ఆ బల్లలు వాగ్దానము చేయుచున్నవి. తలిదండ్రులు నమ్ముచున్నారు. నమ్ముటకు కారణములు లేకపోలేదు. సూర్యాపేట, కోదాడలు హైదరాబాదునుండి విజయవాడకుఁ బోవు జాతీయరహదారిపై నున్న ఊళ్లు. ఆ దారిన పోయిన పిల్లలు హైదరాబాదున నుద్యోగము సంపాదించుటయు, కొందఱు సముద్రములు దాటుటయు ప్రతి వీథివారును ఎఱిఁగినదే. మిర్యాలగూడ నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితోఁ బండిన వడ్లను ఉప్పుడుబియ్యముగా మార్చి దూరదేశములకుఁ బంపు రైసుమిల్లుల ఊరు. ఆ మిల్లులలో బస్తాలు మోయు హమాలీలలోఁ బెక్కురు బీహారునుండి వచ్చినవారు. వారితో మాటలాడుటకు మన పిల్లలకుఁ గావలసినది హిందీయే కాని ఇంగ్లీషు కాదు. అయినను హిందీకి అట్టి బల్ల యొక్కటియు మాకుఁ గానరాలేదు. అవసరము వేఱు, ఆశ వేఱు.

బజారుబల్లల సంగతి యటుండనిండు. ప్రభుత్వ పాఠశాలలోను అదియే జరుగుచున్నది, గౌరవప్రదమైన రీతిని. బిడ్డ మనసును, ఆరోగ్యమును, నడవడిని దిద్దవలసిన పని మెల్లమెల్లగా ఇంగ్లీషు గంటకు వచ్చి చేరినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1990ల దశకమున జీవననైపుణ్యములని పది పేర్కొనెను. నిర్ణయము చేసికొనుట, చిక్కు విప్పికొనుట, విమర్శించి యాలోచించుట, ఎదుటివాని బాధను తనదిగా నెఱుఁగుట, మనసులోని యలజడిని ఓర్చికొనుట మొదలగునవి అందులోనివి. గణితోపాధ్యాయునకు వీనికిఁ దీరిక లేదు. భౌతికశాస్త్రములో వీనికిఁ జోటు లేదు. తెలుగు గంటలో ఛందస్సు, సమాసములు, పద్యప్రతిపదార్థములు నున్నవి. ఇంగ్లీషు వాచకమునకు మాత్రము విషయనిర్బంధము లేదు. దేని గుఱించి వ్రాసినను అది ఇంగ్లీషే కదా. కావుననే వాచకకర్తలు పాఠములను వ్యాకరణక్రమమునఁ గాక బ్రతుకులోని విషయముల క్రమమునఁ గూర్చిరి. తెలంగాణమున పది సంవత్సరములకుఁ బైగా పదవ తరగతి బాలబాలికలు చదివిన ఇంగ్లీషు వాచకమును దెఱచి చూచిన నిది తేటపడును. వ్యక్తిత్వవికాసము, హాస్యము, మానవసంబంధములు, చలనచిత్రములు, సాంఘికసమస్యలు, జీవవైవిధ్యము, జాతి, మానవహక్కులు అని యెనిమిది భాగములు. ఒక చిన్న గృహస్థధర్మశాస్త్రమే యనవచ్చును. ఇట్టి గ్రంథమును భాషాదృష్టితోనే కాక బ్రతుకుదృష్టితోను విమర్శింపవలసి యున్నది. ఇంటింట నుండు గ్రంథము కదా. ఏ ప్రసిద్ధకవి కావ్యమును దీనిపాటి చదువరులను ఎఱుఁగదు.

మొదటి భాగమున చేతులు కాళ్లు లేక పుట్టిన నిక్ వుయిచిచ్ అను ఆస్ట్రేలియా దేశీయుని చరిత్ర యున్నది. అతఁడు ధైర్యశాలి, సందేహము లేదు. కాని ఇట్టి పాఠములయందు మాకొక శంక కలదు. మహావీరుల కథ చెప్పి, నీ దృక్పథము మాఱిన నీ స్థితియు మాఱునని బాలునితోఁ జెప్పుట సగము సత్యము. ఆ బాలుని యింటిలో బావి యెండిపోయి యుండవచ్చును, తండ్రి త్రాగుఁబోతు కావచ్చును, పాఠశాలలో బాలికలకు మఱుఁగుదొడ్డి లేకుండవచ్చును. లోపమంతయు నీ మనసులోనే యున్నదని చెప్పునట్టి బోధ బిడ్డకు బలమిచ్చునో, కొత్తగా నొక నేరమును మీఁద మోపునో ఆలోచింపఁదగును. వ్యక్తిత్వవికాసమను పేర బజారులో నమ్ముచున్న సరకంతయు ఈ మూసలో నుండి వచ్చినదే. వాచకము దానితో నారంభించుట మాకు నచ్చలేదు.

నచ్చిన పాఠము వేఱొకటి కలదు. సెడ్రిక్ మౌంటు వ్రాసిన చిన్న ప్రహసనము. ఒక యువదంపతులు ఇల్లు, కారు, సామానులు సమస్తమును వాయిదాలమీఁదఁ గొనుచుందురు. ఇల్లు చూడవచ్చిన పెద్దామె ఈ ఇంటిలో మీ సొంతమేమని యడుగఁగా బదులు చెప్పుటయే కష్టమగును. ఆమె యిచ్చిన చెక్కును భార్య వైద్యునకుఁ బంపును. ఏమనగా, ఇఁక నొక్క వాయిదా చెల్లించినచో పుట్టిన బిడ్డ తమదగును. కథ ఇంగ్లండు దేశముది. కాని వాయిదా అను మాట వినఁబడఁగానే మిర్యాలగూడలోని ఏ తరగతి గదియైనను నవ్వకుండ నుండఁగలదా? టెలివిజను వాయిదా, ఫ్రిజ్జు వాయిదా, చేతిఫోను వాయిదా, పల్లెనుండి వచ్చిన పిల్లవానికి ట్రాక్టరు వాయిదా. కిస్తీ యనుదురు, ఇ.ఎం.ఐ. యనుదురు, సంఘపుటప్పు అనుదురు. 2010 అక్టోబరులో సూక్ష్మఋణసంస్థల వసూళ్లబాధలకును, దానివలన జరిగినవని చెప్పఁబడిన యాత్మహత్యలకును ప్రతిగా నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను. ఆ సంవత్సరమున తల్లులు వారపు వాయిదాకై పడిన పాట్లు చూచిన పిల్లలు నేఁడు పెద్దవారైనారు. ఇట్టి చోట నీ ప్రహసనము కేవలము హాస్యము కాదు. ఎంత వడ్డీ, ఎన్ని నెలలు, మొత్త మెంత, వస్తువు వెల యెంత, తేడా యెంత అని నల్లబల్లపై ఇంగ్లీషు అంకెలతో లెక్కవేయించిన ఉపాధ్యాయుఁడు ఒకే గంటలో భాషయు నేర్పినవాఁడగును, ఇల్లు నిలుపుకొను తెలివియు నేర్పినవాఁడగును. ఇందు నీతివాక్య మొక్కటియు లేదు. ఎవరిని తిట్టుటయు లేదు. పరదేశపు దంపతులను జూచి నవ్వుచు నవ్వుచు బిడ్డ తన యింటి గోడను జూచును. పరభాష చేయఁగల మేలు ఇదియే. మన యింటి సంగతిని మన భాషలో నెత్తిన సిగ్గు, కోపము, తగవు. పొరుగువాని సంగతిగా నెత్తిన చూపు తేటపడును.

ఇదే కారణమున స్టాన్లీ హౌటన్ నాటకము కూడ మంచి యెన్నిక. ముసలితండ్రి చనిపోయెనని తలఁచి కూతుండ్రిద్దఱు ఆయన సామాను పంచుకొనఁబోవుదురు. ఆయన లేచివచ్చి తన దారి తాను చూచుకొందునని చెప్పును. వృద్ధులను నెలకొకరి యింట వంతులవారీగాఁ ద్రిప్పు ఆచారము మన ప్రాంతమున క్రొత్తది కాదు. దానిఁ గూర్చి విస్తరింపము.

సాంఘికసమస్యల భాగమునందు వామన్ హోవాల్ అను మరాఠీ దళితరచయిత కథ యున్నది. జీవితమంతయు బొంబాయిలోఁ గష్టపడి స్వగ్రామమునకు వచ్చినవాఁడు మేడయిల్లు కట్టఁదలఁచును. తక్కువ కులమువాఁడు తమతో సమముగా మేడ కట్టుటేమని గ్రామపెద్దలకుఁ గంటగింపు. ఇల్లు కాల్చఁబడును, అతఁడు మరణించును, కొడుకులు మరల మేడకే పునాది త్రవ్వ నారంభింతురు. ఈ కథను మిర్యాలగూడలో బోధించుట యన నేమి? ఆ పట్టణముననే 2018 సెప్టెంబరులో కులాంతరవివాహము చేసికొన్న యువకుఁడొకఁడు పట్టపగలు హత్య చేయఁబడెను. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానము దోషులకు శిక్షలు విధించెను. ఈ రెండు తేదీల నడుమ ఆ యూరి బడులలో పదవ తరగతి ఎన్ని మాఱులు సాగెనో లెక్కింపుఁడు. ఆ తరగతులలో రెండు పక్షముల పిల్లలును ఒకే బల్లపైఁ గూర్చుండి యుందురు. పాఠము చదివి, కఠినపదములకు అర్థములు వ్రాయించి, ఇల్లు కాల్చిన దెవరు అను ప్రశ్నకు ఒక వాక్యములో జవాబు చెప్పించి విడిచిపెట్టుట సులభము. ఉపాధ్యాయుఁడు భయపడుటలోను న్యాయమున్నది. సాయంకాలమునకు ఏ పెద్దమనిషియో వచ్చి అడుగవచ్చును. అయినను మేమడుగునది యొక్కటే. ఎదుటివాని బాధ నెఱుఁగుటయే నైపుణ్యమని వాచకము చెప్పుచుండఁగా, బిడ్డ తన యూరి మాట నెత్తుటకు ఆ గదిలో వీలు లేనిచో మహారాష్ట్రపు కథ యెందుల కుపయోగించును? ప్రహసనమునందు మెచ్చుకొన్న దూరమే యిచట తప్పించుకొను దారిగా మాఱుచున్నది. దూరమునుండి చూపి, పిదప దగ్గఱకుఁ దేవలెను. చూపించి యక్కడనే విడిచిన నది పాఠము కాదు.

ఇఁక బోధనారీతికి వత్తము. అసలు చిక్కు ఇక్కడ నున్నది. పరీక్షాపత్రములో పాత్రయొక్క మనోభావములను దినచర్యగా వ్రాయుమనియో, స్నేహితునకు లేఖ వ్రాయుమనియో, సంభాషణము కల్పింపుమనియో అడుగుదురు. ఉద్దేశము మంచిది. బిడ్డ ఇంకొకరి మనసులోఁ బ్రవేశించి తన మాటలతో వ్రాయవలెనని దాని తాత్పర్యము. దానికి గైడులు వెలసినవి. ఆ దినచర్యలు, లేఖలు, సంభాషణలు సిద్ధముగా నచ్చువేయఁబడి యున్నవి. బిడ్డ వానిని కంఠస్థము చేయును. పరుల దినచర్యను వల్లెవేయు విద్య లోకమున ఇంకెక్కడనైనఁ గలదో లేదో మేము చెప్పఁజాలము. నేనీ దినము మిక్కిలి దుఃఖించితినని నలువదిమంది ఒకే మాటలతో వ్రాయుదురు. నలువదిమందికిని మార్కులు వచ్చును. వారిలో నిజముగా దుఃఖించినవాఁ డెవ్వఁడో ఎవ్వరికిని దెలియదు. వానికిఁ గూడ నొక సంగతి తెలిసిపోవును. మనసులోని మాటకు మార్కులు లేవు, అప్పగించిన మాటకే యున్నవి. జీవననైపుణ్యముల పేర నేర్చినది దాఁపరికము.

ఈ దాఁపరికమునే నైజీరియా కవి గేబ్రియల్ ఒకారా పద్యమొకటి విమర్శించును. అదియు నీ వాచకమున నున్నదే. తండ్రి కొడుకునకుఁ జెప్పుచున్నాఁడు. పూర్వము జనులు హృదయముతో నవ్వెడివారు, ఇప్పుడు పండ్లతో నవ్వుచున్నారు, ఒక్కొక్క చోటికి ఒక్కొక్క మొగము తొడుగుట నేనును నేర్చితిని, నీ నవ్వు నాకు మరల నేర్పుమని దాని తాత్పర్యము. ఒకారాగారి మాతృభాష ఇజో. ఇంగ్లీషులో వ్రాసెను. పరభాషతో వచ్చిన నాగరికపు మొగమును పరభాషలోనే నిందించెను. స్పోకెన్ ఇంగ్లీషు గదులలో అద్దము ముందు నిలిపి నవ్వు నేర్పు గురువులు ఈ పద్యము నెట్లు బోధింతురో చూడవలెనని మాకు కుతూహలము.

పరభాషలో చదువుట ఈ జిల్లాకు క్రొత్త కాదని యిచట జ్ఞాపకము చేయవలసి యున్నది. నిజాము రాజ్యమున సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాల పిల్లవాఁడు పైచదువునకుఁ బోవలెనన్న ఉర్దూలోఁ జదువవలసినదే. 1918లో స్థాపింపఁబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. ఇంగ్లీషు నిర్బంధవిషయముగా మాత్ర ముండెను. ఒక భారతీయభాషలో ఉన్నతవిద్య నిచ్చుట గొప్ప సాహసమే. కాని తెలుగింటి బిడ్డకు అదియు పరభాషయే. 1921 నవంబరులో హైదరాబాదున సంఘసంస్కారసభ జరిగెను. స్త్రీవిద్యకై జీవితమును ధారపోసిన కార్వే పండితుఁ డధ్యక్షుఁడు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసములు సాగిన పిదప ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడఁగా సభలోఁ గొందఱు గేలి చేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. అది పెరిగి ఆంధ్రమహాసభ యైనది. 1930లో జోగిపేటలో తొలి మహాసభ జరుగఁగా దానితోపాటు మహిళాసభకు నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షత వహించిరి. ఎనిమిదవ మహాసభ 1941లో చిలుకూరులో, అనఁగా కోదాడకు కూఁతవేటు దూరమున, రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను జరిగినది. గమనింపుఁడు. సంస్కారము కోరి కూడినవారే గేలిచేసిరి. సంస్కారసభలో నేర్వఁదగిన మొదటి జీవననైపుణ్యము తడఁబడువానిని ఓపికతో వినుట. దానినే మఱచిరి.

నేఁటి తరగతి గదిలో ఆ గేలి వేఱు రూపున నున్నది. తప్పు ఇంగ్లీషు పలికిన పిల్ల నవ్వుల పాలగును. కొన్ని ప్రైవేటు పాఠశాలలలో తెలుగు మాటలాడినందుకు జుల్మానా వసూలు చేయు వాడుకయు విన్నాము. జుల్మానా యనునది ఉర్దూ మాట యగుటలో నొక విచిత్రమున్నది. 1948 వఱకుఁ జదువుకొన్న పెద్దలు ఏ భాషలో దండింపఁబడిరో ఆ భాషామాటతోనే మనుమలు వేఱొక భాషకై దండింపఁబడుచున్నారు.

మాటల ప్రసక్తి వచ్చినది కావున నొకింత నిలుతము. మనోవ్యధకు మన ప్రాంతమున నెన్ని మాట లున్నవి! కన్నవారిని వీడిన పిల్లకు బెంగ. పంట యెండిన రైతునకు రంది. చీఁకటి పడినను బిడ్డ యిల్లు చేరనిచో తల్లికి గుబులు. ఎవరును పలుకరింపనిచో దిగులు. చేయవలసినది చేయఁజాలనపుడు ఉక్రోషము. ప్రేమ కలచోట అలుక. ఉర్దూ పరేషాను నిచ్చెను, ఫికరు నిచ్చెను. వానిని మనము సొంతము చేసికొంటిమి. ఇంగ్లీషు వచ్చి టెన్షను నిచ్చినది. అది మాత్రము వచ్చి తక్కిన వానినన్నిటిని తఱిమివేయుచున్నది. పరీక్షయన్న టెన్షను, పెండ్లియన్న టెన్షను, చావన్న టెన్షను. పదునాఱేండ్ల పిల్ల టెన్షనుగా నున్నదని చెప్పిన తల్లి యేమి గ్రహింపవలెను? బెంగయైన దగ్గఱ కూర్చుండవలెను. ఉక్రోషమైన కొంతసేపు విడిచిపెట్టవలెను. గుబులైన కారణ మడుగవలెను. రంది ముదిరినచో వైద్యునియొద్దకుఁ గొనిపోవలెను. ఒక్కొక్క మాట ఒక్కొక్క చికిత్సను జూపును. టెన్షను దేనిని జూపదు. భావముల నోర్చికొనుట నైపుణ్యమైనచో వాని పేరు తెలియుట అందు మొదటి మెట్టు. ఇది ఇంగ్లీషు నేర్పుటకు అడ్డుగాదు. ఇంగ్లీషులోను భయమునకు, చింతకు, విచారమునకు, నిరాశకు వేఱువేఱు పేర్లున్నవి. ఉపాధ్యాయుఁడు ఒక దినము నల్లబల్లపై ఒక ప్రక్క రంది, బెంగ, గుబులు అని వ్రాసి, రెండవ ప్రక్క ఇంగ్లీషు మాటలు వెదకించిన, ఏది దేనికి సరిపడును, ఏది సరిపడదు అని పిల్లలు వాదించుకొన్న, ఆ గంట రెండు భాషలకును లాభము.

ఇది యాడంబరమునకుఁ జెప్పు మాట కాదు. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియటు ఫలితములు తప్పులతోఁ గూడి వెలువడిన పిదప ఇరువదిమందికిఁ బైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరని పత్రికలు ప్రకటించెను. వారందఱును పదవ తరగతి ఇంగ్లీషు వాచకమున ధైర్యమును గూర్చి చదివి, జవాబులు వ్రాసి, ఉత్తీర్ణులై వచ్చినవారే యగుట మఱువఁదగదు. ఓడిపోయితినని ఇంటిలోఁ జెప్పుటకు వారికి ఏ భాషయందును ఒక వాక్యము దొరకలేదు.

ఇంటివారి బాధ్యత చెప్పక విడుచుట న్యాయము కాదు. గురజాడవారి కన్యాశుల్కము 1892లో తొలిసారి ప్రదర్శింపఁబడినది. అందు గిరీశము వెంకటేశమునకు ఇంగ్లీషు చెప్పు గురువుగా పల్లెకు వచ్చును. పిల్లవాఁడు పరీక్ష తప్పినాఁడు. అయినను తల్లి ముచ్చటపడి వారిరువురిని ఇంగ్లీషులో మాటలాడుమని కోరును. వారు పొంతనలేని వాక్యములు, శిశుగీతపు ముక్కలు అప్పగింతురు. తల్లి ఆనందించును. ఆ పిల్లవాఁడు గురువునొద్ద నిజముగా నేర్చినది చుట్ట కాల్చుటయు, బొంకుటయు. పరభాష పేరున ఇంటికి వచ్చు బ్రతుకుపాఠమును గూర్చి ఇంతకంటె నిష్ఠురమైన విమర్శ తెలుగున ఇంకను పుట్టలేదు. ఆ తల్లి యింకను బ్రతికియే యున్నది. చుట్టములు రాఁగానే మూఁడేండ్ల బిడ్డను నిలువఁబెట్టి రైము చెప్పించు తల్లి సూర్యాపేటలోను గలదు, కోదాడలోను గలదు. బిడ్డ చెప్పినదాని యర్థము అడుగువారు మాత్రము లేరు. ఇంగ్లీషు రాని తల్లి దీనికి నొచ్చుకొనవలసిన పని లేదు. ఆమె చేయఁదగినది సులభము. రాత్రి అన్నము పెట్టునపుడు, నేఁడు ఇంగ్లీషులోఁ జదివిన కథ యేమి, నాకుఁ దెలుగున చెప్పుమని యడుగుటయే. కథ చెప్పఁగలిగిన బిడ్డకు పాఠము వచ్చినట్లు. చెప్పలేకపోయినచో గైడు వచ్చినట్లు. ట్యూషను పంతులు చేయు పరీక్షకంటె ఇది నమ్మఁదగినది.

తెలంగాణ ప్రభుత్వము 2022-23 విద్యాసంవత్సరమునుండి తన పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు ఇంగ్లీషు బోధనభాషగాఁ బ్రవేశపెట్టెను. దీనిపై వాదోపవాదములు చాల జరిగినవి. పేదవాని బిడ్డకు మాత్రము ఇంగ్లీషు వలదనుట న్యాయము కాదని యొకవైపు. అర్థము కాని భాషలో శాస్త్రములు చెప్పిన బిడ్డ మూఁగవాఁడగునని రెండవవైపు. రెండు వైపులను సత్య మున్నది. కాని ఆ సందర్భముననే ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా అచ్చైన ద్విభాషాపుస్తకములు పిల్లల చేతికి వచ్చినవి. మా దృష్టిలో మాధ్యమపు ఆజ్ఞకంటె ఈ యెదురెదురు పుటలే గొప్ప సంగతి. బిడ్డతోపాటు తల్లియు ఆ పుస్తకమును జదువఁగలదు. పరభాషలోఁ జెప్పిన చేతులు కడుగుకొను పాఠమో, నీటి పాఠమో ఇంటికిఁ జేరఁగలదు. ఫ్లోరైడు నీటితో తరములు బాధపడిన నల్లగొండ సీమలో నీటిపాఠము బడిలోనే నిలిచిపోయిన నేమి ప్రయోజనము? ఈ యెదురెదురు పుటలు పెద్ద తరగతుల ఇంగ్లీషు వాచకమునకుఁ గూడ నుండిన బాగుండెడిది. కనీసము కథలకైన.

1920ల దశకమున ఢాకాలో విద్యాశాఖయందుఁ బనిచేసిన మైకేల్ వెస్టు, మన దేశపు బాలురకు ఇంగ్లీషు మాటలాడుటకంటె చదువుట ముందుగా నవసరమని వాదించి, కొలఁది మాటలతోఁ గథలు కూర్చి వాచకములు వెలువరించెను. నేఁడు మాటలాడుటయే సర్వస్వమను కాలము కావున ఆయన మాట పాఁతఁబడినది. కాని అందొక దయ యున్నదని మాకుఁ దోఁచును. చదువువానిని ఎవ్వరును గేలిచేయరు. మౌనముగా చదివి, అర్థము చేసికొని, తెలుగున మాటలాడి, పిదప ఇంగ్లీషున వ్రాసి, చిట్టచివర నోరు విప్పుట యను క్రమము సిగ్గరియైన పల్లెటూరి పిల్లకు సరిపడిన క్రమము.

ఆ సిగ్గరి పిల్లకై వాచకముచివర నొక కథ వేచియున్నది. అది వేఱొక దేశపుది కాదు. పి. సత్యవతిగారి "ఇల్లలకగానే". సత్యవతిగారు విజయవాడలో ఇంగ్లీషు అధ్యాపకురాలిగాఁ బనిచేసిరి. అనువాదమునకై 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ బహుమానము పొందిరి. ఇంగ్లీషు బోధించిన స్త్రీ తెలుగున వ్రాసిన కథ తిరిగి ఇంగ్లీషై తెలుగు పిల్లలకు పాఠమైనది. కథలోని యిల్లాలు ఇల్లలికి యలికి, ముగ్గులు పెట్టి పెట్టి, ఒకనాఁడు తన పేరు మఱచిపోవును. పనిమనిషి నడుగును, ఇరుగుపొరుగు నడుగును, భర్త నడుగును. అమ్మ యనువారును, ఫలానావారి భార్య యనువారును గలరు కాని పేరు చెప్పువారు లేరు. కలిసి చదువుకొన్న చెలికత్తె శారదా యని పిలిచినపుడు గాని ఆమెకుఁ దన యునికి తిరిగి రాలేదు.

వాచకమున దీని పేరు "నా పేరేమి" యనునర్థము గల ఇంగ్లీషు మాటలు. ఇల్లలకఁగానే పండుగ యగునా యను మన సామెత ఆ పేరులో నిలువలేదు. సగము వ్యంగ్యము అక్కడనే పోయినది. అనువాదకులను తప్పుపట్టుట మా యుద్దేశము కాదు, సామెత దాఁటి రాదు. కాని ఉపాధ్యాయుఁడైనను తెలుగు పేరు చెప్పవలెను కదా. మూలకథ తెలుగుదని తెలియకయే పరీక్ష వ్రాసి వచ్చిన పిల్లలు కలరు. మఱియొక వైపు ఆ ఇంగ్లీషు పేరులో ఒక క్రొత్త యందమును గలిగినది. ఒకటవ తరగతిలో ఇంగ్లీషు నేర్చు ప్రతి బిడ్డయు మొదట వినునది నీ పేరేమి యను ప్రశ్నయే. పది సంవత్సరములు చదివిన పిదప వాచకపుఁ జివర అదే ప్రశ్న మరల వచ్చినది. ఈ మాఱు జవాబు సులభము కాదు. ఈ కథను చదువుచున్న బాలికలలోఁ గొందఱకు ఇంటిలోఁ బెండ్లిమాటలు ఆరంభమై యుండును. పదునెనిమిదేండ్లు నిండకుండ పెండ్లి చేయుట 2006 నాఁటి చట్టము ప్రకారము నేరమని తెలిసియు మాటలాడువారు గలరు.

ఈ కథకు అప్పగింత జవాబు వలదని మా కోరిక. జిల్లా విద్యాధికారులకుఁ గాని, ఉపాధ్యాయసంఘములకుఁ గాని మేము చేయఁదగిన సూచన యిది. సూర్యాపేట గ్రంథాలయమునుండియో మఱెచ్చటినుండియో తెలుగు మూలమును దెచ్చి తరగతిలో ముందుగా జదివింపుఁడు. చదివించి, ఎవరి తల్లి పేరు వారు ఇంగ్లీషులో వ్రాయునట్లు చేయుఁడు. ఇంటిలో నామెను పేరుపెట్టి పిలుచువా రెవరు, పెండ్లికి ముందు ఆమె యేమి చదివినది, ఏ పని బాగుగాఁ జేయును, దేనికి నవ్వును అని తల్లినే యడిగి తెలిసికొని అయిదు వాక్యములు వ్రాసి తెమ్మనుఁడు. మగపిల్లలు కూడ వ్రాయవలెను. ఆ కాగితములు తెచ్చిన దినమున ఎవ్వరిని బల్లమీఁద నిలువఁబెట్టి చదివింపవలదు, చదువఁదలఁచినవారే చదువుదురు గాక. క్రియలలోని తప్పులను మఱునాఁడు దిద్దవచ్చును.